నీళ్లలో కలిసే వేపనూనె: పీపీఎం ఒక్కటే చూసి కొనకండి

మిద్దెతోటలకు వేపనూనె రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి గానుగలో ఆడిన ఉత్త నూనె, రెండోది నూనెను నీళ్లలో కలిసేలా చేసే ఎమల్సిఫైయర్ వేసినది. రెండోదాని సీసా మీద 300, 1500, 10000 అని అజాడిరాక్టిన్ (వేపలో పురుగుల మీద పనిచేసే పదార్థం) ఎంతుందో పీపీఎంలలో, అంటే పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లని రాస్తారు. ఇరవై ముప్పై కుండీలున్నవాళ్లకు 1500 రకమే హాయి. లీటరు నీటికి 5 మి.లీ., కొలతలో పొరపాటు రాదు. 10000 రకం ఒకటి రెండు మి.లీ.కే సరి కాబట్టి చిన్న స్ప్రేయర్‌లో మోతాదు ఇట్టే దాటిపోతుంది.

కొన్నాక ముందు గ్లాసు పరీక్ష చేయండి. సీసా బాగా ఊపి, గాజుగ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేసి, కలపకుండా చూడండి. మంచి సరుకైతే చుక్క నీటిని తాకగానే తెల్లటి పొగలా విచ్చుకుంటుంది. ఎమల్సిఫైయర్ అణువు ఒక కొసతో నూనెను, మరో కొసతో నీటిని పట్టుకుంటుంది. దాంతో ఆ రెంటి మధ్య తలతన్యత, అంటే కలవనీయని బిగువు, పడిపోతుంది. అణువులు నూనెలోంచి నీటివైపు జరిగే ఊపులోనే చుక్క సన్నటి బిందువులుగా చిట్లుతుంది. గంట తర్వాత పైన పలచగా మీగడ కట్టినా, ఊపితే మళ్లీ కలిస్తే చాలు.

పసుపుపచ్చటి నూనె చుక్కలు పైన తేలితే మాత్రం ఆ సీసా వాడొద్దు. స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది. మొదటి మొక్కల మీద ఉత్త నీళ్లు, చివరి మొక్కల మీద చిక్కటి నూనె పడి ఆకులు మాడతాయి.

గానుగ నూనె చవకే, కానీ సబ్బుతో కలపాలి. బోరు నీటిలోని కాల్షియం సబ్బును తెట్టుగా విరగ్గొడుతుంది, నాజిల్ పూడుకుపోతుంది. అలాంటిచోట వాననీరు వాడండి, లేదా కుంకుడు రసం వేయండి. ఏదైనా ముందు నూనెలో కలిపి చిలికాక, నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. నీళ్లలో నూనె పోసి తర్వాత సబ్బు వేస్తే సరిగా కలవదు.

చలికాలంలో నూనె పేరుకుంటే సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి, పొయ్యి మీద పెట్టొద్దు. కలిపిన మందును ఆ సాయంత్రమే కొట్టేయాలి, ఎండకు అజాడిరాక్టిన్ త్వరగా పాడవుతుంది. పేనుబంక, తెల్లదోమ ఆకు అడుగునే ఉంటాయి గనుక అక్కడ తడవాలి. గంధకం కొట్టిన మొక్కలకు రెండు వారాలు ఆగండి.