రెండు అరల నాస్‌లో డిస్కుల మార్పిడి: కొన్ని ఎండాకాలాల తర్వాత నా అభిప్రాయం

ఇంట్లో నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) పెట్టుకునేవాళ్లు పెట్టె ఎంపికకు చాలా సమయం ఇస్తారు. డిస్కుల దగ్గరకు వచ్చేసరికి ఏది చవకైతే అది తీసుకుంటారు. ఇన్నేళ్లు వాడాక నాకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అభిప్రాయం స్థిరపడింది. నా దగ్గర ఉన్నది సైనాలజీ డీఎస్220 ప్లస్. పాత 2 టీబీ డిస్కులు తీసేసి, ఒక అరలో డబ్ల్యూడీ రెడ్ ప్లస్ 4 టీబీ, రెండో అరలో సీగేట్ ఐరన్‌వుల్ఫ్ 4 టీబీ వేశాను. హైదరాబాద్ ఎండలకు, కరెంటు కోతలకు ఆ రెండూ బాగా తట్టుకున్నాయి. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇవే కొంటాను.

పాత డిస్కుల్లో ఒకటి మొరాయించడంతో ఈ పని మొదలైంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో 197వ వరుస, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య, సున్నా దాటి వారం వారం పెరిగింది. దాని వెంటే 5వ వరుస, మార్చేసిన సెక్టార్ల సంఖ్య, కదిలింది. ఈ రెండూ పెరుగుతుంటే ఇక ఆ డిస్కు మార్చడానికి ఆలస్యం చేయకూడదు. 199వ వరుస, అంటే సమాచారం తీగలో వెళ్లేటప్పుడు దొర్లిన తప్పుల సంఖ్య, ఒక్కటే పెరిగితే మాత్రం తప్పు డిస్కుది కాకపోవచ్చు. కనెక్షన్ వదులైనా అలా జరుగుతుంది.

అసలు ప్రమాదం డిస్కు పాడవడంలో కన్నా, కొత్తది పెట్టిన తర్వాతి గంటల్లో ఎక్కువ. నా పెట్టెలో రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉంటుంది. మిగిలిన డిస్కు కూడా అదే వయసుది, అదే రోజు కొన్నది. అది ఒంటరిగా తనలోని సమాచారాన్నంతా మొదటి నుంచి చివరి దాకా చదివి కొత్తదానికి అందించాలి. ఆ సమయంలో అదీ చతికిలబడితే అమ్మ పెళ్లి ఫోటోల స్కాన్లు, పిల్లల చిన్ననాటి వీడియోలు అన్నీ పోతాయి. అందుకే అర ముట్టుకోకముందే మొత్తం ఒక యూఎస్‌బీ డిస్కులోకి కాపీ తీశాను. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉంది కదా, అదే బ్యాకప్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ఫోల్డర్ పొరపాటున చెరిపేస్తే రెండింటిలోనూ ఆ క్షణమే పోతుంది. అలాంటప్పుడు దాన్ని బ్యాకప్ అని ఎలా అంటాం?

కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. ఇక్కడ చూడవలసింది ధర కాదు, డిస్కు మీది లేబుల్. ఎస్ఎంఆర్ రకం డిస్కులో ట్రాకులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక ట్రాకు తిరగరాయాలంటే దాని పక్కవాటినీ తిరగరాయాలి. సినిమాలు దాచుకోవడానికి ఇబ్బంది లేదు కానీ, నాస్‌లో పునర్నిర్మాణం, అంటే కొత్త డిస్కులోకి సమాచారం మళ్లీ నింపడం, జరిగేటప్పుడు రాత ఎడతెగకుండా సాగుతుంది కాబట్టి అది విపరీతంగా నెమ్మదిస్తుంది. ట్రాకులు పక్కపక్కన విడిగా ఉండే సీఎంఆర్ రకమే మనకు కావాలి. 2020లో డబ్ల్యూడీ రెడ్ వరుసలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఎస్ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అనే వేరే పేరు పెట్టారు. పాత సరుకు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. 4 టీబీ డిస్కు మోడల్ నంబరు చివర 'ఈఎఫ్ఏఎక్స్' అని ఉంటే వదిలేయండి. సీరియల్ నంబరును కౌంటర్ దగ్గరే ఫోనులో తయారీదారు వెబ్‌సైటులో కొట్టి, మన దేశంలో వారంటీ ఉందో లేదో చూసుకుని డబ్బు ఇవ్వండి. ఈ రెండు డిస్కులకూ 3 ఏళ్ల వారంటీ ఉంది. రెండు వేర్వేరు కంపెనీలవి కావాలనే తీసుకున్నాను, ఒకే విడతలో తయారైన లోపం రెండింటికీ ఉండకూడదని.

బిగించడం సులువు. పెట్టె ఆపనక్కర్లేదు. పెట్టె సాఫ్ట్‌వేర్‌లోని స్టోరేజ్ మేనేజర్‌లో పాత డిస్కును నిష్క్రియం చేసి ట్రే బయటికి లాగాలి. ట్రే పక్కల ఉన్న ప్లాస్టిక్ పట్టీలు ఊడదీసి, కొత్త డిస్కు కూర్చోబెట్టి, పట్టీలు మళ్లీ నొక్కితే టక్కుమని పడతాయి. మరమేకు అవసరం లేదు. తర్వాత 'రిపేర్' నొక్కాలి. మొదటి డిస్కు మార్పు పూర్తిగా ముగిశాకే రెండోదాని జోలికి వెళ్లాలి. రెండోది కూడా ముగిసే వరకు కొత్త చోటు కనిపించదు. అప్పటికీ 4 టీబీ అన్నది 3.6 అని చూపిస్తే కంగారు వద్దు. తయారీదారు వెయ్యితో లెక్క కడతాడు, పెట్టె 1024తో కడుతుంది.

ఎండ సంగతి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ లేని హాల్లో డిస్కుల ఉష్ణోగ్రత కూడా చలికాలం కన్నా బాగా పెరుగుతుంది. టీవీ బల్ల మూసిన అరలోంచి తీసి గోడకు జానెడు దూరంలో పెట్టాక గట్టి తేడా కనిపించింది. వెనుక ఫ్యాన్ దగ్గర పేరుకునే దుమ్మును కుంచెతో తుడవడం మా ఇంట్లో పండగ శుభ్రంలో భాగమైంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కులు కాబట్టి పక్క గదిలోకి చప్పుడు రాదు. రాత్రి నిశ్శబ్దంలో దగ్గర కూర్చుంటే గరగరమని మెల్లగా వినిపిస్తుంది, అంతే.

యూపీఎస్ లేకుండా నాస్ వాడవద్దని గట్టిగా చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేస్తే చాలు, మన దగ్గర కరెంటు పోతుంది. ఇంటి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో పెట్టె ఆగి మళ్లీ మొదలవుతుంది. యూఎస్‌బీ తీగతో కలిపిన చిన్న యూపీఎస్ ఉంటే కరెంటు ఎక్కువసేపు రాకపోయినా పెట్టె తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది.

పాత డిస్కుల్లో ఆరోగ్యంగా ఉన్నదాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి, ఫోటోల కాపీతో నిజాంపేటలో ఉన్న తమ్ముడి ఇంట్లో ఉంచాను. ఒక మాట ముందే తెలిస్తే మంచిది: వారంటీలో డిస్కు మార్చుకోవాలంటే పాడైనది వెనక్కి ఇవ్వాలి, అందులో మన ఫోటోలు, బ్యాంకు కాగితాలు అలాగే ఉంటాయి. పాడైన డిస్కును అప్పుడు చెరపడం కుదరకపోవచ్చు. అందుకే కొత్తవి పెట్టిన రోజునే ఆ ఫోల్డర్లను ఎన్‌క్రిప్ట్ చేసి (తాళంచెవి పదం లేకుండా ఎవరూ చదవలేనట్టు మార్చి), తాళంచెవి పదాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.