మొక్కల తోలు, తంగేడు తోలు, రెగ్జిన్: మన ఉక్కపోతకు ఏది మేలు?

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఒక చేతిసంచీ కొనాలనుకునేవారికి ఈ రోజుల్లో నాలుగు దారులున్నాయి. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు, తంగేడు వంటి చెట్ల బెరడుతో పదును చేసిన తోలు, రెగ్జిన్ అనేవి మొదటి మూడు. అనాస ఆకు, నాగజెముడు, ఆపిల్ పిప్పి వంటివాటితో తయారై, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరికే మొక్కల తోలు నాలుగోది. ఈ నాలుగో రకాన్ని ‘పర్యావరణానికి హాని లేనిది’ అంటూ అమ్ముతున్నారు. ఆ మాట కొంతవరకే నిజం. ఎంతవరకు నిజమో తేల్చడానికి అందులో ఏ మొక్క ఉందన్నది ముఖ్యం కాదు. ఆ మొక్క పీచును పట్టి ఉంచే జిగురు ఏమిటి, పైన వేసిన పూత ఏమిటి, మన వాతావరణంలో ఆ సరుకు ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నవే అడగవలసిన ప్రశ్నలని నా అభిప్రాయం.

అనాస ఆకుల నారతో చేసే పిన్యాటెక్స్‌నే తీసుకుందాం. తోళ్ల పరిశ్రమకు సలహాదారుగా 1990లలో ఫిలిప్పీన్స్ వెళ్లిన స్పెయిన్ దేశస్థురాలు కార్మెన్ హిహోసా, అక్కడి తోళ్ల శుద్ధి కలిగించే నష్టాన్ని కళ్లారా చూసిన తరువాత ఈ ఆలోచన చేశారు. చదరపు మీటరు సరుకుకు సుమారు 480 ఆకులు పడతాయి. పండు కోసిన తరువాత తోటలో వృథాగా మిగిలే ఆకులే కాబట్టి, దీని కోసం అదనంగా భూమి గాని నీరు గాని అక్కరలేదు. ఇది నిజమైన మేలు. అయితే ఆ నారను పాలీ లాక్టిక్ ఆమ్లమనే బయోప్లాస్టిక్‌తో కలిపి నొక్కి, దాని మీద రెజిన్ పూత వేస్తారు. మెక్సికోలో 2019లో వెలువడిన నాగజెముడు తోలు డెసెర్టోలో పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ ఉంటుంది. ఇటలీ ఆపిల్ తోలులో పండ్ల పిప్పి పొడిని కలిపేది కూడా పాలీయురెథేన్‌లోనే. అంటే మనం ‘మొక్కల తోలు’గా కొంటున్నదానిలో చాలా భాగం, ప్లాస్టిక్ పాలు తగ్గించి ఆ మేరకు మొక్కల పదార్థం చేర్చిన మెరుగైన రెగ్జిన్. అది మెరుగే, కాదనను. కానీ దాని ఆయువు తీరేది మాత్రం పాలీయురెథేన్ ఆయువు తీరినప్పుడే.

మన ఊళ్ల సంగతి ఇక్కడే వస్తుంది. వేడీ తేమా కలిసిన గాలిలో పాలీయురెథేన్, అందులోనూ పాలియెస్టర్ రకం, నీటి అణువుల వల్ల మెల్లగా విడిపోతుంది. దీన్నే రసాయన శాస్త్రంలో జలవిశ్లేషణ అంటారు. బీరువాలో పెట్టి మరచిపోయిన సంచీ వాడకుండానే జిగటగా మారడం, పొలుసులుగా రాలడం ఇందువల్లే. కృష్ణా తీరంలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ వెంటనే వానాకాలపు ఉక్కపోత మొదలై నెలల తరబడి ఉంటుంది. చల్లని పొడి దేశాల్లో చాలాకాలం మన్నే పూత ఇక్కడ అంతకాలం మన్నుతుందని ఆశించలేం. రెండేళ్లకు ఒలిచిపోయి చెత్తకుప్పకు చేరే సంచీ ఏ మొక్కతో చేసినదైనా, పదేళ్లు వాడిన సంచీ కంటే భూమికి ఎక్కువ భారమే. పీచూ ప్లాస్టిక్కూ విడదీయరానంతగా కలిసిపోయిన సరుకు ఎరువుగానూ మారదు, మళ్లీ కరిగించి వాడుకోవడానికీ పనికిరాదు.

పాత రెగ్జిన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పీవీసీ పూత వేసిన రకం చవక, నీటికి తడవదు, కానీ గాలి ఆడదు. దాన్ని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. పర్యావరణం దృష్ట్యా నాలుగింటిలో దానిదే చివరి స్థానం.

తోలు విషయం ఇంత సులువుగా తేలదు. ప్రపంచంలో తయారయ్యే తోలులో నూటికి ఎనభై పాళ్లకు పైగా క్రోమియంతో పదును చేసినదే. పని ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది, తోలు మెత్తగా వస్తుంది, రంగు బాగా పడుతుంది. దాని మూల్యం తమిళనాడులోని పాలారు లోయ చెల్లించింది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతాల శుద్ధి కర్మాగారాలు వదిలిన నీటితో బావులు, పొలాలు పాడైనందునే 1996లో సుప్రీంకోర్టు ‘కాలుష్యం చేసినవారే నష్టం భరించాలి’ అన్న సూత్రాన్ని ఆ కేసులో స్థిరపరచింది. మాంసం కోసం వధించిన పశువు తోలు ఎలాగూ మిగులుతుందన్న వాదనలో బలం ఉంది గాని, ఆ వాదన ఈ మురుగుకు సమాధానం కాదు.

మన నేలకు బాగా తెలిసిన దారి మరొకటి ఉంది. తెలుగు పల్లెల్లో మాదిగ కులస్థులు తరతరాలుగా సున్నపు నీటిలో వెంట్రుకలు ఊడదీసి, లందల్లో, అంటే తోళ్లు ఊరబెట్టే తొట్లలో, తంగేడు చెక్క కషాయం పోసి, వారాల తరబడి నానబెట్టి తోళ్లు పదును చేశారు. చెప్పుల నుంచి మోట బొక్కెన దాకా వ్యవసాయం నడిచింది ఆ తోలు మీదే. వారి శ్రమకూ రసాయన జ్ఞానానికీ దక్కవలసిన గౌరవం దక్కకపోగా అంటరానితనం మిగిలింది. ఏది మేలని తూకం వేసేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు. తంగేడు, కరక్కాయలలోని టానిన్లనే వగరు పదార్థాలతో పదును చేసిన తోలులో క్రోమియం ఉండదు. మొదట కాస్త బిరుసుగా ఉన్నా వాడే కొద్దీ కాలి ఆకారానికి ఒదుగుతుంది, చెమటను పీల్చుకుంటుంది, కుట్టు ఊడితే మళ్లీ కుట్టించుకోవచ్చు. లోపాలూ లేకపోలేదు. పనికి సమయం ఎక్కువ పడుతుంది, శుద్ధికి నీరు బాగానే ఖర్చవుతుంది, తడిసినది సరిగా ఆరకపోతే బూజు పడుతుంది.

జర్మనీలోని ఫ్రైబెర్గ్‌కు చెందిన ఫిల్క్ పరిశోధన సంస్థ 2021లో తోలునూ దాని ప్రత్యామ్నాయాలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. చినుగుడుకు తట్టుకోవడం, పదే పదే మడిచినా పగలకపోవడం, ఆవిరిని బయటికి వదలడం వంటి గుణాల్లో ఒక్కొక్కదానిలో కొన్ని ప్రత్యామ్నాయాలు బాగానే నిలిచాయి గాని, అన్నింటిలోనూ కలిపి తోలును అందుకున్నది ఏదీ లేదు. చెప్పులకు ఈ గుణాలన్నీ ఒకేసారి కావాలి, పర్సుకు అక్కరలేదు. కాబట్టి వస్తువును బట్టి ఎంచుకోవాలి.

రోజూ వేసుకునే చెప్పులకు, బెల్టుకు నేను తంగేడు తోలువైపే మొగ్గుతాను. జంతువుల తోలు ముట్టని జైనులు, వీగన్ల వంటివారికి ఈ మాట వర్తించదు. వారి ముందున్నవి రెగ్జిన్, మొక్కల తోలు మాత్రమే కాబట్టి మొక్కల తోలే నిస్సందేహంగా మేలు. మెడకు, చంకకు చెమట అంటని పర్సు, ల్యాప్‌టాప్ సంచీ, పుస్తకాల అట్ట వంటివాటికి ఎవరైనా దాన్ని ఎంచుకోవచ్చు. అప్పుడు కూడా ప్లాస్టిక్ లేని రకాన్ని వెతకడం మంచిది. కేరళలో కొబ్బరి నీళ్ల మీద బ్యాక్టీరియాను పెంచి తయారు చేసే మలై, అమెరికాలో సహజ రబ్బరు, మొక్కల నూనెలతో రూపొందించిన మీరమ్ అటువంటివి. శిలీంధ్రాల తోలు మీద పెట్టుకున్న ఆశలు మాత్రం ఇంకా తీరలేదు. పెద్ద పెద్ద ఫ్యాషన్ సంస్థలు వెన్నుదన్నుగా నిలిచిన మైలో తయారీయే 2023లో ఆగిపోయింది.

కొల్లిపర పరిసరాల్లోనూ కృష్ణా లంకల్లోనూ అరటి సాగు విస్తారంగా ఉంది. అరటి చెట్టు ఒక్క గెల వేయగానే దాని పని అయిపోతుంది. ఆ బోదెలను నరికి గట్ల మీద పడేయడం రైతుకు అదనపు ఖర్చు. కలకత్తాలో బనోఫీ అనే సంస్థ అరటి నారతోనే తోలు వంటి సరుకు తయారు చేస్తోంది. నార తీసే యంత్రాలు మన దగ్గరా ఉన్నాయి, అడుగు గుడ్డకు గుంటూరు పత్తి ఉంది, కేరళ రబ్బరు పెద్ద దూరం కాదు. మనకు ఇంకా కావలసింది పాలీయురెథేన్ లేకుండా ఈ మూడింటినీ కలిపి, మన వేసవినీ వానాకాలాన్నీ తట్టుకునేలా చేసే పూత. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ 1948 నుంచి తోళ్ల రసాయన శాస్త్రం మీద పనిచేస్తోంది కాబట్టి, మన విశ్వవిద్యాలయాలు ఈ పూత పనిలో ముందుగా దాని సాయం కోరవచ్చు.