దేవరకొండ చెలకలో సూపర్‌నోవా

2023 మే 19న జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి అనే ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు ఎం101 గెలాక్సీలో కొత్త చుక్కను, అంటే సూపర్‌నోవాను (పేలిన నక్షత్రాన్ని) పట్టుకున్నాడు. ఆ వార్త చదివినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. హైదరాబాద్ వెలుగుల్లో ఎం101 ఆనవాలు కూడా దొరకదు. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌ను కారు వెనకసీట్లో పడుకోబెట్టి 22న సాగర్ రోడ్డెక్కాను.

మొదటి రాత్రి నాగార్జునసాగర్‌లో ఒక లాడ్జి. గది శుభ్రం, ఏసీ చల్లగా, చేపల పులుసు అద్భుతం. డ్యాం చూడ్డానికి ఇంటిల్లిపాదీ వెళ్తే హాయిగా దిగొచ్చు. కానీ డాబా ఎక్కితే నాలుగు వైపులా ఫ్లడ్‌లైట్లు. ఒక్కటైనా గంటసేపు ఆర్పమని బతిమాలాను, కుదరదన్నారు. వాళ్ల భయాలు వాళ్లవి. నా రాత్రి మాత్రం పోయింది.

మన్ననూరు వైపు ఆకాశం మరింత నల్లగా ఉంటుంది. అయితే అది పులుల అడవి, రాత్రి 9 దాటితే శ్రీశైలం రోడ్డు గేట్లు వేసేస్తారు. దేవరకొండ కోట మీదికి ఎక్కుదామా అనుకున్నాను. రేచర్ల పద్మనాయకుల నాటి ఆ కోటను పొద్దున్నే, నీళ్లు వెంటబెట్టుకుని తప్పక చూడండి. టెలిస్కోప్‌కు మాత్రం పనికిరాదు. పగలంతా కాగిన బండలు రాత్రి కూడా సెగ కక్కుతుంటే నక్షత్రం నీళ్లలో దీపంలా వణుకుతుంది.

చివరికి దేవరకొండ దగ్గర మా మేనమామ చెలకే దిక్కయింది.

"సుక్కను సూస్తానికి గింత దూరమొచ్చినవా అల్లుడా?" అంటూనే మామ బోరు కాడి బల్బు ఆర్పేశాడు. నేను అడగకముందే పక్క చెలకకు నడిచి వెళ్లి వాళ్లది కూడా ఆర్పించి వచ్చాడు. అత్త నులక మంచం వేసి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది.

ఆ సాయంత్రం నెలవంక పక్కనే శుక్రుడు. రెండూ కుంకేదాకా ఆగాం. ఈలోగా టెలిస్కోప్ గొట్టాన్ని ఆరుబయట చల్లారనిచ్చాను. పెళ్లిలో అరుంధతిని చూపించే చోటే వెతకాలి: సప్తర్షుల్లోని వసిష్ఠుడు, మరీచి అనే చుక్కలు, ఆ రెండిటితో సమబాహు త్రిభుజం గీస్తే మూడో మూలన ఎం101. గెలాక్సీ అద్దం మీద ఊపిరి తగిలినంత మసకగా ఉంది. సూటిగా చూస్తే మాయం, కన్ను కాస్త పక్కకు వాలిస్తే ప్రత్యక్షం. ఆ మసక అంచున, పాత ఫొటోలో ఏమీ లేని చోట, సూదిమొనంత చుక్క. నాకు ఒళ్లు జలదరించింది.

మామ ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు.

"గదేనా సచ్చిపోయిన సుక్క?"

"అదే మామా. సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు బరువైనది. లోపలి ఇనుప గుండె కూలి పేలింది. ఆ వెలుగు మన దాకా రావడానికి దాదాపు రెండు కోట్ల ఏళ్లు పట్టింది."

మామ మళ్లీ కన్ను పెట్టాడు.

"మీ అత్తను లేపు. అది గూడ సూస్తది."