మెటాలికా '72 సీజన్స్': పాతిక నిమిషాలు కోసేస్తే తిరుగులేని ఆల్బమ్

పన్నెండు పాటలు, 77 నిమిషాల 10 సెకన్లు. ఊపిరి పీల్చుకోనిచ్చే మెల్లని పాట ఒక్కటీ లేదు. మాటల్లేకుండా వాద్యాలతోనే సాగే పాట కూడా లేదు. 2023 ఏప్రిల్ 14న వచ్చిన '72 సీజన్స్' అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా పదకొండో స్టూడియో ఆల్బమ్. పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచెయ్యి ఎంత పదునుగా ఉందో వినాలంటే ఇటీవలి వాటిలో దీన్ని మించింది లేదు. చిక్కల్లా ఒక్కటే: మంచి రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుస) దొరికితే దాన్ని ఎప్పుడు వదలాలో వీళ్లకి తెలియడం లేదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు, కానీ ఒకప్పుడు దానికి హద్దు ఉండేది. 1986లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లో ఎనిమిదే పాటలు, మొత్తం 55 నిమిషాల లోపే. ఒక్క ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) మీద అంతకు మించి ఎక్కిస్తే శబ్దం పలచబడుతుంది. కాబట్టి ఇష్టం ఉన్నా లేకపోయినా కత్తిరించాల్సి వచ్చేది. సీడీ వచ్చాక ఆ హద్దు 80 నిమిషాలకు జరిగింది, స్ట్రీమింగ్‌లో అసలు హద్దే లేదు. 2016 నాటి 'హార్డ్‌వైర్డ్... టు సెల్ఫ్-డిస్ట్రక్ట్' కూడా 77 నిమిషాలే, కానీ దాన్ని రెండు సీడీలుగా ఇచ్చారు కనుక మధ్యలో విరామం దొరికేది. ఇక్కడ ఆ వెసులుబాటు కూడా లేదు.

టైటిల్ పాటతోనే మొదలుపెడతారు, సరైన నిర్ణయం. హై-హాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు), బేస్ గిటార్ కలిసి పరుగందుకుంటాయి, గిటార్లు ఆ తర్వాతే వచ్చి మీద పడతాయి. పేరు లెక్క ఏడాదికి నాలుగు రుతువుల చొప్పున తొలి పద్దెనిమిదేళ్లు. ఆ వయసులో మనసులో నాటుకున్నవాటిని మోసుకు తిరగడమా, దించుకోవడమా అన్నదే ఆల్బమ్ అంతటా నడిచే ఆలోచన. పసుపు అట్ట మీద మాడిపోయిన ఉయ్యాల తొట్టి, కాలిన బొమ్మలు కనిపించేది అందుకే. 2019లో హెట్‌ఫీల్డ్ వ్యసనం నుంచి బయటపడేందుకు మళ్లీ రీహాబ్‌కు వెళ్లిన సంగతి తెలిసినవాళ్లకి ఈ మాటలు ఊరికే రాసినవి కావని ఇట్టే అర్థమవుతుంది. ఈ పాటకే 2024లో బెస్ట్ మెటల్ పెర్ఫార్మెన్స్ గ్రామీ వచ్చింది. అయినా 7 నిమిషాల 39 సెకన్లు ఎక్కువే. నిమిషన్నర తీసేసినా పాట బలం తగ్గదు.

'లక్స్ ఎటర్నా' ఆ తప్పు చెయ్యదు. 3 నిమిషాల 22 సెకన్లలో వచ్చి, కొట్టి, వెళ్లిపోతుంది. 1980ల తొలినాళ్ల బ్రిటిష్ హెవీ మెటల్‌కు ఇది బాహాటమైన నమస్కారం. ఆ కాలపు బ్యాండ్ డైమండ్ హెడ్ తొలి ఆల్బమ్ పేరును సాహిత్యంలో ఒకచోట తలచుకుంటారు కూడా. 'స్క్రీమింగ్ సూసైడ్' ఇంకో దారి: ఆత్మహత్య ఆలోచనే మనతో మాట్లాడుతున్నట్టు రాశారు. పేరెత్తకుండా దాచుకునే విషయాన్ని వెలుగులోకి లాగడమే ఉద్దేశం, పైగా పల్లవి ఒకసారి వింటే చాలు, నోటికి వచ్చేస్తుంది. 'యూ మస్ట్ బర్న్!' నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. మధ్యలో బేస్ వాయించే రాబర్ట్ ట్రుహియో గొంతు వినిపిస్తుంది, అతను బ్యాండ్‌లో చేరి అప్పటికి ఇరవై ఏళ్లు. ఇన్నాళ్లూ పాడించలేదెందుకో!

నిర్మాణం గ్రెగ్ ఫిడెల్‌మన్, హెట్‌ఫీల్డ్, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కలిసి చూసుకున్నారు. 2008 నాటి 'డెత్ మ్యాగ్నెటిక్'లో శబ్దాన్ని పిండి పిండి గరిష్ఠానికి తోసేయడంతో డ్రమ్స్ పడినచోటల్లా గరగరలు వచ్చేవి. ఇందులో ఆ బాధ లేదు. ఇదీ గట్టిగా మాస్టర్ చేసిందే, కానీ కిక్, స్నేర్ డ్రమ్‌లు విడివిడిగా తెలుస్తాయి, బేస్ తీగ మీద వేలి దెబ్బ కూడా అందుతుంది. వినేటప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్స్ యాప్‌లో బేస్ బూస్ట్ ఉంటే తీసెయ్యండి. గిటార్ తీగల్ని అరచేతి అంచుతో అదిమి (పామ్ మ్యూట్) వాయించినప్పుడు వచ్చే 'ఛగ్', బేస్, కిక్ మూడూ కింది స్థాయిలోనే ఉంటాయి. అక్కడ ఇంకా పెంచితే మూడూ ముద్దయిపోయి, ట్రుహియో ఉన్నాడో లేడో తెలియదు. స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే స్థాయిలో వినిపించే సెట్టింగ్) ఆన్‌లో ఉంచితేనే పాత ఆల్బమ్‌లతో న్యాయంగా పోల్చగలం. లేకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

ఇక లీడ్ గిటార్ వాయించే కర్క్ హామెట్. 'హార్డ్‌వైర్డ్'కు ముందు ఫోన్ పోగొట్టుకుని, అందులోని రిఫ్‌లన్నీ పోయి, ఆ ఆల్బమ్‌లో రచయితగా పేరే లేకుండా మిగిలాడు. ఈసారి టైటిల్ పాటతో సహా రచనలో అతని పేరు కనిపించడం సంతోషమే. సోలోల (పాట మధ్యలో గిటార్ ముందుకొచ్చి వాయించే భాగాల) దగ్గరకొచ్చేసరికి నిరాశ తప్పదు. ముందుగా కూర్చుకోకుండా అప్పటికప్పుడు వాయించడమే ఇప్పుడు తనకిష్టమని అతను చాలాసార్లు చెప్పాడు. ఆ తాజాదనం 'లక్స్ ఎటర్నా'లో పనికొచ్చింది. మిగతాచోట్ల అదే అయిదు స్వరాల పెంటటోనిక్ స్కేల్, కాలికింద గిటార్‌ను 'వా-వా' అనిపించే అదే పెడల్. పాత సోలోలను జనం నోటితో పాడేవాళ్లు, వీటిలో అలా పాడుకోగలిగేవి రెండు మూడుకు మించవు. నిజానికి ఆల్బమ్‌లో గుర్తుండిపోయే లీడ్ పని రెండు గిటార్లు జంటగా వాయించినవే: 'టూ ఫార్ గాన్?', 'రూమ్ ఆఫ్ మిర్రర్స్' చివరి భాగం.

ఎల్పీ కొనేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. రెండు డిస్కులు, వైపుకు మూడు పాటలు. నీరసమంతా దాదాపుగా మూడో వైపునే పోగుపడింది: 'క్రౌన్ ఆఫ్ బార్బ్డ్ వైర్', 'ఛేజింగ్ లైట్', 'ఇఫ్ డార్క్‌నెస్ హ్యాడ్ ఎ సన్'. మూడూ ఒకే రకం మధ్యస్థ వేగం, ఒకదాని రిఫ్ తీసి ఇంకోదానిలో పెట్టినా ఎవరూ గుర్తుపట్టరు. మూడోదాని మొదట్లో సైనిక కవాతు లాంటి స్నేర్ బాగుంటుంది గానీ, తర్వాత పాట అక్కడే తిరుగుతుంది. రెండో వైపు మొదట్లో వచ్చే 'స్లీప్‌వాక్ మై లైఫ్ అవే' బేస్‌తో మొదలై ఏదో పెద్దది రాబోతోందని ఊరించి, మామూలు పల్లవిలోకి జారిపోతుంది. ఈ నాలుగూ తీసేస్తే 26 నిమిషాలు తగ్గుతాయి. మిగిలేవి ఎనిమిది పాటలు, 51 నిమిషాలు. అదే వరుసలో ప్లేలిస్ట్ చేసుకుని వినండి, ఆల్బమ్ మీద అభిప్రాయమే మారిపోతుంది.

నిడివి గురించి ఇంత సణిగాక, అన్నిటికన్నా పొడవైనదే అన్నిటికన్నా గొప్పదని చెప్పాల్సి రావడం తమాషా. 'ఇనమొరాటా' 11 నిమిషాల 10 సెకన్లు, మెటాలికా సొంత స్టూడియో పాటల్లో ఇంత పొడవైనది మరొకటి లేదు. దుఃఖాన్నే ప్రేయసిగా చేసుకున్నవాడి పాట ఇది. తొలితరం హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ తరహాలో రిఫ్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. సగానికి కాస్త ముందు గిటార్లన్నీ ఆగిపోతాయి. లార్స్ హై-హాట్, ట్రుహియో బేస్ మాత్రమే మిగులుతాయి. హెట్‌ఫీల్డ్ అరుపు మాని నిజంగా పాడతాడు. ఆ తర్వాత గిటార్లు మెల్లగా తిరిగొచ్చి జంటగా పైకి లేస్తాయి. మిగతా పాటల్లో పొడవుకు కారణం రిఫ్‌ను తిరగేసి తిరగేసి వాయించడం. ఇక్కడ మాత్రం పాట ఒకచోట బయల్దేరి ఇంకోచోటికి చేరుతుంది, అందుకే పదకొండు నిమిషాలు తెలియవు.

గిటార్ వాయించేవాళ్లు టైటిల్ పాటతో మొదలుపెట్టాలనుకుంటారు. ముందు ఆంప్ గెయిన్ (గిటార్ గరగరను పెంచే నాబ్) తగ్గించుకోండి. రికార్డింగ్‌లో ఆ బరువు వచ్చింది ఒకే రిఫ్‌ను పలుసార్లు వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల. ఒంటి గిటార్‌తో అది రావాలని గెయిన్ పెంచితే స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. 70 శాతం వేగంతో, పైనుంచి కిందికి కొట్టే దెబ్బలతోనే, మణికట్టు నుంచి వాయించాలి. మోచెయ్యి బిగుసుకుందంటే వేగం ఎక్కువైనట్టే, వెంటనే తగ్గించండి. అరచెయ్యి అంచు సరిగ్గా బ్రిడ్జ్ మీద ఉండాలి, అక్కడినుంచి ముందుకు జరిగితే శబ్దం చచ్చిపోతుంది. లైవ్ వీడియోలు పెట్టుకుని వాయించేవాళ్లకి మరో మాట: స్టూడియోలో ఈ పాట స్టాండర్డ్ ఈ ట్యూనింగ్‌లోనే ఉంది, వేదిక మీద మాత్రం హాఫ్ స్టెప్ (అర స్వరం) కిందికి దించి వాయిస్తారు. తీగలు దించకుండా కూర్చుంటే ఎంత సరిగ్గా వాయించినా ఒక్క స్వరమూ కలవదు.