పాత ఫోర్‌ట్రాన్‌ను బాగుచేయాలా, కొత్తగా రాయాలా?

ఫ్యూజన్ పరిశోధన వైపు వెళ్లాలనుకునే కాకినాడ, భీమవరం, అమలాపురం పిల్లలు తరచూ అడిగేది ఒకటే: "సార్, ఈఫిట్‌ని మొత్తం పైథాన్‌లో తిరగరాసేస్తే పోలా?"

అలా అనిపించడం సహజమే. ఈఫిట్ అంటే టోకమాక్ అనే ఫ్యూజన్ యంత్రంలో బయటి కొలతల నుంచి ప్లాస్మా ఆకారాన్ని, లోపలి స్థితిని లెక్కగట్టే ఫోర్‌ట్రాన్ కోడ్. 1985లో లాంగ్ లావ్ బృందం ప్రచురించిన పద్ధతి అది. ఆ కాలపు కామన్ బ్లాకులు (సబ్‌రొటీన్లన్నీ పంచుకునే మెమరీ), ఆరక్షరాల వేరియబుల్ పేర్లు చూస్తే కొత్తవాళ్లకు టెన్షనే. మళ్లీ రాస్తే చదవడం తేలిక, జీపీయూ మీద నడపడం తేలిక, పనిచేసేవాళ్లు దొరకడమూ తేలికే.

అయినా నా మొగ్గు పాతదాన్ని ఉంచుకుని ముక్కముక్కగా మార్చే దారికే. ప్లాస్మా చుట్టూ ఉన్న మాగ్నెటిక్ ప్రోబులు, ఫ్లక్స్ లూపులు ఇచ్చే అయస్కాంత కొలతలకు సరిపోయేలా, ప్లాస్మా పీడనానికీ అయస్కాంత బలానికీ మధ్య సమతూకాన్ని చెప్పే గ్రాడ్-షఫ్రనోవ్ సమీకరణాన్ని సాధించి లోపలి స్థితిని రాబట్టాలి. అంచు ఆకారం బాగానే తేలుతుంది. లోపల కరెంటు ఎలా పరుచుకుందో మాత్రం ఈ కొలతలతోనే గట్టిగా చెప్పలేం, ప్లాస్మా లోపల అయస్కాంత క్షేత్రం దిశను చెప్పే మోషనల్ స్టార్క్ లాంటి లోపలి కొలత కావాలి. అది లేకపోతే రెండు వేర్వేరు జవాబులు ఒకే కొలతలకు సరిపోవచ్చు. పైగా జీపీయూలో కూడికల వరుస మారితే చివరి అంకెలు మారతాయి, ఇటరేషన్ ఆగే చోటూ మారవచ్చు. కొత్త కోడ్ జవాబు తేడాగా వస్తే, అది బగ్గా, లెక్కలో ఉన్న అనిశ్చితా? పక్కనే పాత కోడ్ నడుస్తుంటేనే తేల్చగలం.

ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట బదులు బ్యారేజీ కట్టారు గానీ డెల్టా కాలువలన్నీ మళ్లీ తవ్వలేదు కదా. ఇక్కడ ఆ కాలువ జీ-ఫైల్, అంటే ఈఫిట్ తన జవాబును రాసిపెట్టే ఫైలు. స్థిరత్వం, ట్రాన్స్‌పోర్ట్ లెక్కలు కట్టే కోడ్‌లు దాన్నే చదువుకుంటాయి. సాల్వర్‌ని మార్చండి, జీ-ఫైల్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఇదే లెక్కకు న్యూరల్ నెట్‌వర్కులు వాడితే వేగానికి బాగుంటాయి. కానీ వాటికి శిక్షణ ఇచ్చేది ఎక్కువగా పాత కోడ్ ఫలితాలతోనే. ఇదే గ్రాడ్-షఫ్రనోవ్ సమీకరణాన్ని సాధించే పైథాన్ కోడ్ ఫ్రీజీఎస్ నేర్చుకోవడానికి మంచిది.

చేతిలో ఒక్క సెమిస్టరే ఉంటే తిరగరాత మొదలుపెట్టకండి. రెండు జీ-ఫైళ్లు చదివి అంచు, మాగ్నెటిక్ యాక్సిస్ (ప్లాస్మా అయస్కాంత కేంద్రం), క్యూ ప్రొఫైల్ (క్షేత్ర రేఖల మెలిక లోపలి నుంచి అంచుకు ఎలా మారుతుందో) పోల్చే చిన్న ప్రోగ్రాం రాయండి. ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో మీ గైడుతో కూర్చుని ముందే నిర్ణయించుకోండి. ఆ తర్వాత ఒక్క సబ్‌రొటీన్ మార్చి, మళ్లీ పోల్చండి.