కింద అంబాసిడర్, పైన పద్మిని: ఇంటి షెడ్డుకు ఏ లిఫ్టు?

ఇంట్లో కారు లిఫ్టు కొనబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని టన్నులు?" పాత కార్ల విషయంలో అది ఆఖరున చూసుకున్నా నష్టం లేదు. అంబాసిడర్ టన్నుంపావుకు మించదు, పద్మిని టన్ను కూడా తూగదు. ఏ లిఫ్టయినా వీటిని అవలీలగా ఎత్తుతుంది. బేరం ఆడకముందు టేపు పట్టుకుని చూడాల్సింది పైన స్లాబు, సుత్తి పట్టుకుని చూడాల్సింది కింద నేల.

ముందు ఎత్తు. పద్మిని సుమారు 1470 మిల్లీమీటర్లు, అంబాసిడర్ 1590. ఫోర్ పోస్ట్ లిఫ్టులో, అంటే నాలుగు స్తంభాల మధ్య పట్టాలు పైకి లేచే రకంలో, చక్రాలు నిలిచే ఆ పట్టాల మందం 120 అనుకుందాం. కింది కారు టాపుకూ పట్టాకూ మధ్య 50, పై కారుకూ స్లాబుకూ మధ్య మరో 50 వదిలితే మొత్తం 3280. పది అడుగుల స్లాబంటే 3050, అంటే అక్కడితో ఆ ముచ్చట తీరిపోయినట్టే. పదకొండు అడుగులైతే 3350, సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ స్తంభంలో లాకులు చాలా మోడళ్లలో నాలుగేసి అంగుళాల ఎడంతో ఉంటాయి. మనకు కావలసిన ఎత్తుకు కాస్త పైన ఉన్న లాకు మీదే పట్టా ఆగుతుంది కాబట్టి ఇంకో 100 దాకా పోవచ్చు. స్లాబు కింద తొమ్మిది అంగుళాల బీము దిగి ఉంటే పదకొండు అడుగులూ చాలవు. బీము కింది అంచు నుంచి నేలదాకా కొలిస్తే పదకొండున్నర అడుగులు రావాలి. ఫ్యాను కొక్కేన్ని, ట్యూబులైటునీ కూడా లెక్కలో వేసుకోండి.

ఇక నేల. పోర్టికోలో గ్రానైటో టైల్సో పరిచి ఉంటే సుత్తి పిడితో తట్టి చూడాలి. బోలుగా మోగిన చోట స్తంభం నిలబెడితే బండ పగులుతుంది. కారు బరువు, లిఫ్టు బరువు కలిపి నాలుగు కాళ్లకూ పంచుకుంటుంది కాబట్టి ఫోర్ పోస్టుకు మంచి నాలుగంగుళాల కాంక్రీటు చాలు. రెండు స్తంభాల నుంచి చాచిన చేతులతో కారును ఎత్తే టూ పోస్టు అలా కాదు. బరువంతా చేతుల మీద వేలాడి, స్తంభాన్ని లోపలికి వంచాలని చూస్తుంది. ఆ లాగుడును కాచేవి నేలలో దిగిన యాంకర్ బోల్టులే. కనీసం ఆరంగుళాల మందాన, ఎం25 స్థాయి, పగుళ్లు లేని కాంక్రీటు కావాలి. ఇంటి ముందు పలచగా పోసిన బెడ్డు పనికిరాదు. కింద సెల్లారు ఉన్న స్లాబులో అయితే డ్రిల్లు పెట్టే ఆలోచనే వద్దు.

అందుకే దాచుకోవడానికైతే మా ఓటు ఫోర్ పోస్టుకే. కారు తన చక్రాల మీదే నిలబడి ఉంటుంది. టూ పోస్టు మీద నెలల తరబడి ఉంచితే చక్రాలు వేలాడి, సస్పెన్షన్ బుష్ రబ్బర్లు మెలితిరిగిన స్థితిలోనే గట్టిపడిపోతాయి. పైగా అంబాసిడర్‌కు వేరే చాసిస్ ఫ్రేము లేదు, బాడీయే చాసిస్. డోర్ల కింది పెట్టెభాగం లోపల తుప్పు తిని ఉంటే లిఫ్టు చేతి ప్యాడ్ రేకును నొక్కి లోపలికి దిగుతుంది. ముందు చక్రాల నుంచి వెనక్కి వెళ్లే టార్షన్ బార్ల (మెలి తిరుగుతూ స్ప్రింగు పని చేసే ఉక్కు కడ్డీల) మీద ప్యాడ్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

రిపేరు దగ్గర ఫోర్ పోస్టు కొంచెం ఇబ్బంది పెడుతుంది. గేర్ బాక్సు దించడం, సైలెన్సర్ మార్చడం సుఖమే. చక్రం ఊడదీయాలంటే మాత్రం రెండు పట్టాల మధ్య జరిగే బ్రిడ్జ్ జాకీ విడిగా కొనాలి. అది లేకుండా బ్రేక్ షూ కూడా మార్చలేరు.

ఎత్తు చాలనివాళ్లకు నేల మీద పరుచుకునే జంట ఫ్రేముల లిఫ్టు మేలు. అడుగున్నర పైచిలుకు లేస్తుంది, పని అయ్యాక గోడకు ఆనించవచ్చు. పడుకునే పని చేయాలి, అదొక్కటే లోటు. మధ్యలో కత్తెరలా లేచే లిఫ్టు వద్దు. మనకు చేయి దూర్చాల్సిన చోటే అది అడ్డం. గొయ్యి తవ్వుకోవడం చవకే గానీ వానాకాలం నీళ్లు, మిగతా కాలం దోమలు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి గొయ్యిలోనే నిలుస్తుంది. పాత కార్బురేటర్ కారు కింద అది నిజమైన ప్రమాదం.

కరెంటు సంగతి కొనేముందే తేల్చుకోవాలి. వర్క్‌షాపు లిఫ్టులు ఎక్కువగా త్రీ ఫేజ్. సింగిల్ ఫేజ్ మీద 2.2 కిలోవాట్ల మోటారు తీసుకుంటే దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సి కర్వ్ 25 ఆంపియర్ల ఎంసీబీ వేయించాలి. లైట్లకు వాడే బి కర్వ్ ఎంసీబీ అయితే మోటారు స్టార్టయినప్పుడల్లా పడిపోవచ్చు.

బిగించినవాళ్లకు ఆఖరి చెల్లింపు ఇచ్చేముందు కారెక్కించి పరీక్షించండి. ఎత్తుతుంటే నాలుగు స్తంభాల్లో లాకుల "టక్" ఒకేసారి వినపడాలి. ఒకటి వెనకబడితే ఆ మూల వైరు తాడు వదులుగా ఉందని అర్థం, స్తంభం తల మీది నట్టు బిగిస్తే సరి. కొత్త తాళ్లు మొదటి నెలల్లో సాగుతాయి కాబట్టి ఈ పని మళ్లీ పడుతుంది. ఆపేటప్పుడు బరువు లాకుల మీద కూర్చునేదాకా దించాలి, ఆయిల్ ఒత్తిడి మీద వదలకూడదు. దించేటప్పుడు ముందు రెండంగుళాలు పైకి లేపి, నాలుగు లాకులూ విడిపడ్డాయని కళ్లతో చూశాకే లివర్ నొక్కాలి. ఒక్కటి పట్టుకుని ఉన్నా మిగతా మూడు మూలలూ దిగి కారు ఒరుగుతుంది.

పైన ఉంచిన కారుకు హ్యాండ్ బ్రేక్ వేసి వదిలితే షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. గేరులో వేసి, చక్రాలకు చెక్క అడ్డాలు పెట్టండి. పట్టాల మధ్య ట్రేలు తప్పనిసరి: ఇంజన్ ఆయిల్ చుక్కయితే తుడుచుకోవచ్చు, బ్రేక్ ఆయిల్ చుక్క పడితే కింది కారు పెయింట్ లేచిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తాళ్లను నెలకోసారి పాత గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు తీగ పోగు తగులుకుంటే ఆ తాడు మార్చేదాకా లిఫ్టు ఎక్కించకండి.