వేలు తెగితే డబ్బు ఎటునుంచి రావాలి: ఈఎస్‌ఐయా, పరిహారమా, రాజీయా?

భీమవరం, ఆకివీడు చుట్టూ రొయ్యల ప్లాంట్లలోనైనా, తణుకు వైపు రైస్ మిల్లుల్లోనైనా చెయ్యి బెల్టులో పడగానే వినిపించే మాట ఒకటే: "ఓ యాభై వేలు తీసుకో, కేసులెందుకు?" అది ఎంత తక్కువ బేరమో లెక్క వేస్తేగానీ తెలీదు.

మనిషికి 30 ఏళ్లు, జీతం 12,000, చూపుడు వేలు మొదలంటా పోయింది అనుకుందాం.

పరిహార చట్టం, అంటే పనిలో గాయపడ్డవాడికి యజమానే డబ్బు కట్టాలనే చట్టం దారిలో, ఆ వేలు పోతే సంపాదించే శక్తి 14 శాతం పోయినట్టు లెక్క. జీతంలో 60 శాతం 7,200, 30 ఏళ్ల వయసుకు చట్టం పెట్టిన గుణకం 207.98. రెండూ హెచ్చవేసి 14 శాతం తీస్తే 2,09,644 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. జీతం ఎంతున్నా లెక్కకు 15,000 దాటనివ్వరు. 1923 నాటి ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది గానీ లెక్క తీరు అదే.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుడూ యజమానీ నెలనెలా వాటా కట్టే ప్రభుత్వ బీమా, ఉంటే దారి వేరు. పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం, అంటే రోజుకు సుమారు 360. పరిహార చట్టంలో అదే కాలానికి 15 రోజులకోసారి 3,000 మాత్రమే. వేలు పోయినందుకు మెడికల్ బోర్డు 14 శాతమే తేలిస్తే నెలకు 1,500 చిల్లర, అదీ బతికున్నంత కాలం. పదకొండున్నర ఏళ్లకు పైన చెప్పిన రెండు లక్షలు దాటిపోతుంది. వయసులో ఉన్నవాడికి ఈఎస్‌ఐదే పైచెయ్యి. యాభై దాటినవాడికి, అప్పుల్లో ఉన్నవాడికి ఒక్కసారి వచ్చే సొమ్మే ఆశగా కనిపించడం సహజం.

కానీ ఎంచుకునే వీలు లేదు. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న ప్లాంటులో, 21,000 లోపు జీతమైతే ఈఎస్‌ఐ. అందులో ఉన్నవాడు అదే గాయానికి పరిహార చట్టం కింద యజమాని మీదికి వెళ్లలేడు. నలుగురైదుగురితో నడిచే చిన్న మిల్లుకు పరిహార చట్టమే దిక్కు. "జీతంలో కోత పడుతుంది" అని ఈఎస్‌ఐ వద్దనేవాళ్లున్నారు. ఆ కోత 12,000 మీద 90 రూపాయలు, యజమాని కట్టేది 390.

ఇక రాజీ. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నా, హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. మనిషి పోతే మరీ ప్రమాదం: పరిహారాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి, ఇంటికెళ్లి చేతికిచ్చింది లెక్కలోకి రాదు. అంటే యజమాని రెండోసారి కట్టాల్సి రావచ్చు. ఈ సంగతి యజమానులకు చాలామందికి తెలీదు. నెలలోగా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సబబైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ, అది ఇన్సూరెన్స్ కంపెనీ మీదికి నెట్టలేరు.

"మేస్త్రి తెచ్చిన కూలీ, నాకేం సంబంధం?" అన్నా కుదరదు. కాంట్రాక్టరు మనిషికీ అసలు యజమానే బాధ్యుడు, తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవాలి. తాగి ఉన్నాడన్న వాదన ప్రాణం పోయిన కేసులో, శాశ్వతంగా ఏ పనీ చేయలేకుండా పోయిన కేసులో చెల్లదు, మిగతా గాయాలకు పనికొస్తుంది. అజాగ్రత్తగా ఉన్నాడన్నది అసలు వాదనే కాదు.

కేసులు ఎక్కడ నీరుగారతాయంటే జీతం రుజువు దగ్గర. మేస్త్రి నోటుబుక్కులో పేరు, చేతికిచ్చే డబ్బు తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే ఆసుపత్రిలో "పనిలో జరిగింది" అని మొదటి రోజే రాయించాలి. "ఇంట్లో జారిపడ్డాడు" అని ఎవరైనా రాయిస్తే తర్వాత తిప్పడం కష్టం. ఫోన్‌పే జమలు, హాజరు పుస్తకం ఫొటో, తోటి కూలీల పేర్లు దగ్గరుంచుకోవాలి. ఈఎస్‌ఐ ఉంటే యజమాని పంపాల్సిన ప్రమాద నివేదిక వెంటనే వెళ్లిందో లేదో అడగాలి. పరిహారం అర్జీని రెండేళ్లు దాటనివ్వొద్దు.